సోమశిల ఒడ్డున సొంత గుడారం: తక్కువ ఖర్చుతో బస చేసిన నా అనుభవం

నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ దగ్గరి సోమశిలలో కృష్ణ ఒడ్డున రాత్రి గడపాలనుకునేవారు సాధారణంగా పర్యాటక శాఖ కాటేజీలో గది తీసుకుంటారు, లేదా ఎవరో ముందే వేసి ఉంచిన గుడారానికి, చలిమంటకు, భోజనానికి కలిపి మనిషికి ఇంతని చెల్లించి వెళతారు. నేను, మా తమ్ముడు, అతని స్నేహితుడు ఈ రెండూ వద్దనుకున్నాము. కరెంటు, కుళాయి, మరుగుదొడ్డి, వంటమనిషి ఏవీ లేని చోట మా గుడారం మేమే వేసుకుని, మా వంట మేమే చేసుకుని, మరుసటి ఉదయం ఆ నేలను ఉన్నది ఉన్నట్టుగా వదిలి రావాలని అనుకున్నాము. డబ్బు మిగలడం ఇందులో ఒక కారణం మాత్రమే. అద్దె గుడారాల దగ్గర రాత్రంతా మోగే పాటల పెట్టెల నుంచి దూరంగా ఉండడం అంతకంటే పెద్ద కారణం. ఈ ఏర్పాటంతటిలో ఎక్కువ ఆలోచన, ఎక్కువ సమయం తీసుకున్నది సామాను కాదు, చోటు ఎంపిక. అందుకే దాని గురించే ముందుగా, కాస్త వివరంగా చెబుతాను.

సోమశిల దగ్గర కనిపించే విశాలమైన నీరు సహజమైన సరస్సు కాదు. అది శ్రీశైలం జలాశయం వెనుక నిలిచిన కృష్ణ. ఆ జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. 1980ల మొదట్లో ఇక్కడ నీరు నిలిచినప్పుడు నదీతీరంలోని ఊళ్లు ఎన్నో మునిగిపోయాయి. కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. సోమశిల గుళ్లను కూడా నీటికి అందని ఎత్తుకు తరలించారు. ఎగువన ఉన్న సప్తనదుల సంగమేశ్వరం గుడి మాత్రం ఇప్పటికీ ఏటా నీళ్లలో మునుగుతూ, నీరు తగ్గినప్పుడు బయటపడుతూ ఉంటుంది. గుడారం వేసుకునేవారికి ఈ కథలో అన్నిటికంటే పనికివచ్చే సంగతి ఒకటి ఉంది: ఈ ఒడ్డు ఒకచోట నిలిచి ఉండదు. వానాకాలంలో ఎగువన జూరాల నుంచి, తుంగభద్ర మీది సుంకేశుల నుంచి వరద వదిలితే నీరు రాత్రికి రాత్రే పైకి జరుగుతుంది. 2009 అక్టోబరు వరదలో ఈ జలాశయం పూర్తి మట్టాన్ని కూడా దాటి 896 అడుగులకు చేరిందంటే, నీటి అంచు ఎంత నమ్మరానిదో ఊహించుకోవచ్చు. చలికాలం మొదలైన తరువాత పరిస్థితి తిరగబడుతుంది. రెండు రాష్ట్రాల కాలువలకు, విద్యుత్తుకు, అక్కడికి దగ్గర్లోనే ఎల్లూరు వద్ద ఉన్న కల్వకుర్తి ఎత్తిపోతలకు నీటిని వాడుతుంటారు కాబట్టి ఒడ్డు రోజురోజుకూ వెనక్కి తగ్గుతూ, ఇన్నాళ్లూ నీటి కింద ఉన్న ఒండ్రు బయటపడుతుంది.

ఈ లెక్కలన్నీ చూసుకుని మేము సంక్రాంతి దాటిన తరువాతి రోజులను ఎంచుకున్నాము. అప్పటికి వరద భయం ఉండదు, ఎండ ముదరదు, పాములు కూడా చలికి అంతగా తిరగవు. బయలుదేరే ముందు కొన్నాళ్లపాటు పత్రికల్లో వచ్చే జలాశయం నీటిమట్టాన్ని గమనిస్తూ ఉన్నాము. నీరు పెరుగుతున్నదా, తగ్గుతున్నదా అన్నది తెలిస్తే చాలు, ఏ రకం నేల మీద నిలబడబోతున్నామో సగం తెలిసినట్టే.

మిగతా సగం అక్కడి మనుషులను అడిగితేనే తెలుస్తుంది. హైదరాబాద్ మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ నుంచి కొల్లాపూర్‌కు నేరుగా ఆర్టీసీ బస్సులు ఉన్నాయి. కొల్లాపూర్ నుంచి సోమశిలకు ఆటోలో వెళ్లవచ్చు. గుడారం తీసుకుని వెళ్లడానికి ముందు ఒక ఆదివారం తమ్ముడు ఖాళీ చేతులతో వెళ్లి ఊరి మనుషులతో మాట్లాడి వచ్చాడు. ఆ బస్సు చార్జీ వృథా అని ఇంట్లో అన్నారు గానీ, మా ఖర్చులన్నిటిలో అంతకంటే సార్థకమైనది లేదని నా అభిప్రాయం. ఎందుకంటే ఒడ్డున ఖాళీగా కనిపించే నేలంతా ఖాళీ నేల కాదు. నీరు తగ్గిన కొద్దీ రైతులు ఆ ఒండ్రులో విత్తనాలు వేసుకుంటారు. ఎక్కడ మొలక ఉందో దూరం నుంచి చూసేవారికి తెలియదు. అడవి వైపు ఒడ్లు చూడడానికి ఇంకా బాగుంటాయి, కానీ నల్లమలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం హద్దుల్లోకి వచ్చే చోట అటవీ శాఖ అనుమతి లేకుండా రాత్రి ఉండడం, నిప్పు రాజేయడం నేరం. అందువల్ల ఆ వైపు ఆలోచన మొదటే మానుకున్నాము.

చివరికి తమ్ముడికి ఒక రైతు పరిచయమయ్యాడు. ఆయన పట్టా భూమి నీటి అంచుకు బాగా పైన, మునక హద్దు దాటిన ఎర్ర చెల్క, అంటే ఎర్రమట్టి మెట్ట పొలం. మేము నీటికి ఆనుకుని ఉన్న చదును నేలను చూపించి, అక్కడ వేసుకుంటే ఎలా ఉంటుందని అడిగితే ఆయన నవ్వాడు. "నీళ్ల పక్కకు ఎందుకు సారూ? మీద మీదనే ఎండింది, కాలు పెడ్తె మోకాలు దాకా దిగుతది. మా చెల్క గట్టు మీద ఏసుకోండ్రి" అన్నాడు. పర్రెలు బారిన ఆ నల్లమట్టి మీద ఒక రాయి విసిరి చూపించాడు కూడా. రాయి పై పెళ్లను పగులగొట్టుకుని లోపలికి దిగిపోయింది. నీటి అంచున పడుకోవడమే ఇలాంటి బసలో ఆనందమని చాలామంది అనుకుంటారు. అది ఫొటోకు ఆనందం. నీటి దగ్గర దోమలు ఎక్కువ, మంచు ఎక్కువ, చల్లగాలి బరువైనది కాబట్టి రాత్రి పల్లంలోకి జారి అక్కడే నిలుస్తుంది. పైగా కృష్ణలో మొసళ్లు ఉన్నాయి. గట్టు మీది నుంచి నీరు ఎలాగూ కనిపిస్తుంది, నడిచి వెళ్లడానికి పది నిమిషాలు పట్టదు.

ఆయన అద్దె తీసుకోనన్నాడు. ఊరికే ఉండడం మాకు బాగనిపించక, కట్టెలు, తాగునీరు, జొన్నరొట్టెలు ఆయన ఇంటి నుంచే కొనుక్కుంటామని ఒప్పందం చేసుకున్నాము. కొల్లాపూర్ పోలీస్ స్టేషన్‌లో మా పేర్లు, ఫోన్ నంబర్లు, ఏ రైతు పొలంలో ఉంటున్నామో రాసి ఇచ్చాము. దీనికి ఖర్చేమీ లేదు. రాత్రి పూట పొలంలో దీపం చూసి ఎవరైనా అనుమానపడి ఫోన్ చేస్తే జవాబు అక్కడే ఉంటుంది.

ఇక సామాను సంగతి. గుడారం తమ్ముడి స్నేహితుడిది. ముగ్గురు పట్టేదని పెట్టె మీద రాసి ఉంది. ఇలాంటివాటిని ఒక మనిషి తక్కువగా లెక్కవేసుకోవాలి, లేకపోతే సంచులకు చోటుండదు. అందుకని పెద్ద సంచులను రెండు పొరల ప్లాస్టిక్ గోనెల్లో కట్టి బయట ఉంచి, విలువైనవి, బూట్లు మాత్రం లోపల పెట్టుకున్నాము. చౌక గుడారాలతో ఇచ్చే మేకులు తీగల్లా వంగిపోతాయి, గాలికి ఆగవు. ఇంటి దగ్గరి కమ్మరి కొలిమిలో పాత ఇనుప సలాకను మూరెడు కంటే కాస్త తక్కువ ముక్కలుగా కోయించి, ఒక చివర కొక్కెంలా వంచించుకున్నాము. కొత్త మేకుల ధరలో సగం కూడా కాలేదు, గట్టితనంలో వాటిని మించాయి. గుడారం కింద పరచడానికి తాడ్‌పత్రి ముక్క, నైలాన్ తాడు, తలకు కట్టుకునే టార్చి లైటు, చిన్న పార, ఒక అల్యూమినియం గిన్నె, మూత, గరిటె, ముగ్గురికి స్టీలు పళ్లేలు. అగ్గిపెట్టెలను మందుల డబ్బాలో మూతపెట్టి తీసుకెళ్లాము.

పడుకునే సంచులు కొనకుండా మేము గొంగళ్లు తీసుకుని వెళ్లాము. పాలమూరు ప్రాంతంలో కురుమలు దక్కనీ గొర్రెల నల్లబొచ్చుతో నేసే ఈ గొంగడి గొర్రెల కాపరికి చలిలో దుప్పటి, వానలో గొడుగు, నేల మీద పరుపు. కొంచెం తడిసినా లోపలి వెచ్చదనం పోదు, నిప్పురవ్వ పడితే ప్లాస్టిక్ గుడ్డలా కరిగి అంటుకోదు. బరువు ఎక్కువ, గరుకుగా గుచ్చుకుంటుంది కూడా. లోపల పాత నూలు దుప్పటి ఒకటి ఉండాలి. భుజాన వేసుకుని రోజంతా కొండలెక్కేవారికి నేను దీన్ని సిఫారసు చేయను. బస్సు దిగి, ఆటో ఎక్కి, పొలం గట్టు దాకా నడిచేవారికి ఇంతకంటే చౌకైన, నమ్మదగిన పక్క లేదు. అయితే చలి పైనుంచి కంటే కింది నుంచే ఎక్కువ పడుతుంది. నేల ఒంటి వేడిని రాత్రంతా పీల్చేస్తూ ఉంటుంది కాబట్టి కప్పుకునేదానికంటే పరుచుకునేది మందంగా ఉండాలి. రైతు దగ్గర రెండు మోపుల వరిగడ్డి తీసుకుని తాడ్‌పత్రి మీద జానెడు మందాన పరిచి, దాని మీద గుడారం వేశాము. మరునాడు ఆ గడ్డి మళ్లీ ఆయన పశువుల కొట్టానికే చేరింది.

గుడారం వేయడానికి ముందు నేల ఊడ్చాలి. ఇది వినడానికి చిన్న పని, కానీ సోమశిల ఒడ్డున దీన్ని వదిలేయకూడదు. అక్కడంతా సర్కారు తుమ్మ. దాని ముల్లు చెప్పు అట్టను కూడా దిగుతుంది, గుడారం అడుగు గుడ్డ దానికి ఒక లెక్క కాదు. కొమ్మల చీపురు కట్టుకుని ఒకసారి ఊడ్చి, చేతులతో తడిమి, మళ్లీ ఊడ్చాము. తాడ్‌పత్రిని గుడారం అడుగు కంటే కాస్త చిన్నదిగా ఉండేలా అంచులు లోపలికి మడిచాము. అంచు బయటికి వస్తే మంచునీరు దాని మీద పడి గుడారం కిందికే చేరుతుంది. మేకును నిలువుగా కాక, తల గుడారానికి దూరంగా వాలేలా ఏటవాలుగా దిగ్గొట్టాలి. అప్పుడు తాడు లాగిన కొద్దీ అది నేలను పట్టుకుంటుంది. చెల్క మట్టి పొడిగా, వదులుగా ఉన్న ఒక మూలన మేకు నిలవకపోతే, గోనెసంచి ముక్కలో మట్టి నింపి, తాడు దానికి కట్టి, గుంటలో పూడ్చిపెట్టాము. ఆ కాలంలో అక్కడ గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యాల నుంచి వస్తుందని రైతు చెప్పాడు కాబట్టి గుడారం వెనుక భాగాన్ని అటు తిప్పాము. గుమ్మం పడమటి వైపు రావడం వల్ల తెల్లవారుజామున ఎండ కోసం చాలాసేపు ఎదురుచూడవలసి వచ్చింది. గాలికి ఎదురు పెట్టడం కంటే అది నయమే.

తాగునీటిని ఒడ్డు నుంచి తీసుకోకూడదని ముందే నిర్ణయించుకున్నాము. రైతు ఇంటి నుంచి 20 లీటర్ల డబ్బా ఒకటి నింపుకుని వచ్చాము; తాగడానికి, వంటకు మనిషికి రోజుకు నాలుగైదు లీటర్లు సరిపోతాయి. గిన్నెలు కడగడానికి, కాళ్లు చేతులు కడగడానికి మాత్రం వెనుకనీరు వాడాము. తప్పనిసరై అదే నీరు తాగవలసి వస్తే పటిక తిప్పి మడ్డి దిగేదాకా ఉంచి, పైనీటిని నాలుగు మడతల నూలుగుడ్డలో వడకట్టి, సలసల మరిగిన తరువాత ఒక నిమిషమైనా ఆ మరుగు ఆగకుండా ఉంచాలి. సబ్బును, గిన్నెలు తోమిన నీటిని జలాశయంలో కలపలేదు; బకెట్టుతో నీరు పైకి తెచ్చి, పొలంలోనే వాడి అక్కడే పారబోశాము. కింద ఆ నీటినే వలలు వేసేవారు తాగుతున్నారని చూసినప్పుడు ఈ నియమం ఎవరూ చెప్పనక్కర్లేకుండానే అర్థమవుతుంది.

వంటకు రైతు చూపించిన పాత పొయ్యి మచ్చ మీదనే మూడు రాళ్లు పెట్టాము. రాళ్లను నీటిలో నుంచి తీయకూడదు. లోపల తడి ఉన్న రాయి వేడికి పగిలి ముక్కలు ఎగురుతుంది. సర్కారు తుమ్మ ఎండుకట్టెలు నిదానంగా, వేడిగా మండుతాయి, నిప్పులు చాలాసేపు నిలుస్తాయి. ముళ్ల సంగతి పక్కనపెడితే, ఈ చెట్టు మీద నాకున్న కోపం ఆ సాయంత్రం కొంత తగ్గింది. గిన్నె అడుగున బయటివైపు తడిమట్టి పూసి పొయ్యి మీద పెట్టడం మా అమ్మమ్మ కట్టెల పొయ్యి రోజుల పద్ధతి. మసి మట్టికి అంటుతుంది, తోముకోవడానికి గుప్పెడు బూడిద, చెంబెడు నీళ్లు చాలు. బియ్యం, పెసరపప్పు, పసుపు, జీలకర్ర, ఉప్పు ఇంట్లోనే కొలిచి ఒక సంచిలో కలిపి తెచ్చుకున్నాము. అలాగే తాలింపుతో వేయించిన ఉప్మారవ్వ ఇంకో సంచిలో ఉంది. దానికి కావలసింది మరిగే నీళ్లు మాత్రమే. రాత్రికి పులగం, రైతు ఇంటి జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం. మేకమాంసం కాల్చుకోవాలన్న స్నేహితుడి కోరికను ముందే వాయిదా వేశాము. మంచుపెట్టె లేకుండా పచ్చి మాంసం మోయడం తెలివైన పని కాదు, ఆ వాసనకు కుక్కలు రాత్రంతా గుడారం చుట్టూ తిరుగుతాయి. తినగా మిగిలిందేదీ బయట ఉంచకుండా డబ్బాలో పెట్టి, గట్టు మీది వేపకొమ్మకు తాడుతో వేలాడదీశాము.

మరుగుదొడ్డి గురించి రాయడానికి చాలామంది సంకోచిస్తారు గానీ, ఇలాంటి బసకు వెళ్లేవారు మొదట అడగవలసిన ప్రశ్న అదే. నీటికి, బాటకు, బసకు 60 మీటర్లకు తగ్గకుండా దూరంగా, జానెడు లోతు గుంట తవ్వి, పని అయిన తరువాత అదే మట్టితో పూర్తిగా పూడ్చాలి. పైమట్టిలోనే సూక్ష్మజీవులు ఎక్కువగా ఉంటాయి కాబట్టి మరీ లోతుగా తవ్వడం వల్ల లాభం లేదు. ఏ దిక్కుకు వెళ్లవచ్చో, ఎక్కడ పంట ఉందో రైతును అడిగి వెలుతురు ఉండగానే చూసి పెట్టుకున్నాము. చీకటిలో పార పట్టుకుని వెతుక్కోవడం కంటే ఇది మర్యాదగా ఉంటుంది.

రాత్రి విషయానికి వస్తే, చీకటి పడిన తరువాత బూట్లు లేకుండా అడుగు బయట పెట్టకూడదని, గుడారం జిప్పు ఎప్పుడూ సగం తెరిచి ఉంచకూడదని ఒక కట్టుబాటు పెట్టుకున్నాము. కట్లపాము నేల మీద నిద్రపోయేవారిని కాటు వేస్తుంది; కాటు గాటు కూడా సరిగా కనిపించదు, నొప్పి అంతగా తెలియదు. గుడారానికి అడుగుగుడ్డ, జిప్పు ఉండడంలో అసలు లాభం చలికంటే ఇదే. చలికాలమైనా పొద్దుపోయాక రాళ్ల కింద తేళ్లు ఉండవని హామీ ఏమీ లేదు, అందుకని పొయ్యి రాళ్లను కూడా కర్రతో దొర్లించిన తరువాతే చేతితో పట్టుకున్నాము. అవసరమైతే 108కు ఏ దారి గుర్తు చెప్పాలో రైతు పేరు, ఊరి పేరుతో సహా కాగితం మీద రాసి టార్చి లైటుకు కట్టి ఉంచాము.

మంట ఆర్పాక ఆకాశం బాగా కనిపించింది. గొల్లకావడి, పిల్లలకోడి అనే చుక్కల గుంపులు రెండూ నడినెత్తి దాటి పడమటికి వాలుతున్నాయి. తమ్ముడి స్నేహితుడు వాటిని ఇంగ్లీషు పేర్లతో ఫోనులో వెతుకుతుంటే, గట్టు మీద కూర్చున్న రైతు వేలితో చూపించేశాడు. ఆవలి ఒడ్డు ఆంధ్రప్రదేశ్, అక్కడి ఊరి దీపాలు నీటి మీదుగా సన్నగా కనిపిస్తూ ఉన్నాయి. మాటల్లో 2007 నాటి పడవ ప్రమాదం ప్రస్తావన వచ్చింది. ఆ ఏడాది జనవరిలో ఇదే వెనుకనీటిలో ఒక పడవ మునిగి పదుల సంఖ్యలో జనం చనిపోయారు. అందుకే పొద్దున పుట్టిలో కాసేపు తిప్పుతామని ఎవరైనా అడిగినా ఎక్కవద్దని, ఎక్కితే లైఫ్ జాకెట్ ఉన్న ప్రభుత్వ బోటే ఎక్కమని ఆయన మాకు గట్టిగా చెప్పాడు.

తెల్లవారుజామున గుడారం లోపలి గోడలు చెమ్మగిల్లాయి. గుడ్డ కారిందని తమ్ముడు అనుకున్నాడు గానీ, అది మా ఊపిరి ఆవిరే. ముగ్గురు మనుషులు రాత్రంతా వదిలిన తేమ బయటి చలికి గోడ మీద నీరుగా మారుతుంది. చలి అని గాలి కన్నాలన్నీ మూసేస్తే ఇది ఇంకా పెరుగుతుంది. గుడారం పైభాగంలోని జాలీని తెరిచి ఉంచి, గొంగడిని చెవుల దాకా లాక్కోవడమే సరైన పద్ధతి. ఒక పాత తువ్వాలుతో గోడలు తుడుచుకుని బయటికి వచ్చాము.

అప్పటికే జాలరులు రాత్రి వేసిన వలలు తీసి ఒడ్డుకు వస్తున్నారు. బొచ్చె, రవ్వు చేపలు తాజాగా దొరికాయి. వేలెడు కూడా లేని పిల్లచేపలను కుప్పలుగా ఎండబోసిన చోటు కూడా ఒకటి కనిపించింది. కళ్లు మరీ సన్నగా ఉండే అలివి వలలతో పట్టినవి అవి. ఆ వలలు నిషిద్ధమని అక్కడి జాలరులే చెప్పి, వాటివల్ల తమ వలల్లో చేప తగ్గిపోతున్నదని బాధపడ్డారు. మేము మామూలు వలతో వేటాడిన ఒక పెద్దాయన దగ్గర కిలోన్నర రవ్వు కొని, ఆయన చేతే శుభ్రం చేయించుకుని, చింతపండు, ఉప్పు, కారంతో పులుసు పెట్టాము. పట్నంలో అదే చేపకు ఇచ్చే ధరతో పోల్చకుండా ఉండలేకపోయాము.

బస్సు చార్జీలు, ఆటో, కట్టెలు, రొట్టెలు, చేప అన్నీ కలిపి మా ముగ్గురికీ అయిన ఖర్చు, అద్దె గుడారంలో ఒక్క మనిషికి అడిగేదానికి కాస్త అటూ ఇటూగా తేలింది. అయితే గుడారం అరువు తెచ్చుకున్నదనీ, గొంగళ్లు ఇంట్లో ఉన్నవేననీ కూడా ఇక్కడ చెప్పాలి. ఏమీ లేకుండా మొదలుపెట్టేవారు మొదటిసారే అన్నీ కొంటే లెక్క తారుమారవుతుంది. మొదట అరువు తెచ్చుకుని, ఈ జీవితం ఒంటికి పడుతుందో లేదో చూసుకున్న తరువాత కొనుక్కోవడం మంచిది. కొనేటప్పుడు కూడా టార్చి లైటు, తాడు, మేకుల దగ్గర చవక చూడకూడదు.

విడిచి వచ్చేటప్పుడు పొయ్యిలోని నిప్పుల మీద నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోసి, అరచేయి ఆనించి వేడి లేదని తేల్చుకున్న తరువాత బూడిదను రైతు చెప్పిన పాదులో చల్లాము. మేకుల గుంటలు కాలితో పూడ్చాము. మా చెత్తతో పాటు, అంతకుముందు ఎవరో వదిలిన బిస్కెట్ కవర్లను, గాజు పెంకులను కూడా గోనెలో వేసుకుని కొల్లాపూర్ దాకా తెచ్చి చెత్తబండిలో వేశాము. గుడారాన్ని అక్కడ ఎండబెట్టే సమయం లేక తడిగానే చుట్టాము కాబట్టి, ఇంటికి రాగానే డాబా మీద దండెం కట్టి విప్పి వేలాడదీశాము. తడి గుడ్డను అలాగే సంచిలో ఉంచితే నాలుగు రోజుల్లో బూజు పట్టి, కుట్ల దగ్గరి నీరు ఆపే పూత పెచ్చులుగా లేస్తుంది. అరువు వస్తువు విషయంలో ఆ జాగ్రత్త మరీ ముఖ్యం.